వైశాఖ చతుర్దశి రాత్రి మేలట్టూరులో

ఎండాకాలం వచ్చిందంటే మన కోస్తా ఊళ్లలో బీచ్ ఫెస్టివల్ ఫ్లెక్సీలు లేస్తాయి. సినిమా గాయకులు, ఓ యాంకర్, లేజర్ షో, చివర్లో బాణసంచా. వాటి మీద నాకేం పగ లేదు, పిల్లలతో నేనూ వెళ్లినవాణ్ణే. కానీ అదే ఎండాకాలంలో కావేరి డెల్టాలో, తంజావూరు పక్కనున్న మేలట్టూరులో, భాగవత మేళ అనే తెలుగు నాటకం తెల్లవార్లూ ఆడతారు. ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఈ ఆట అక్కడికి చేరింది తంజావూరును తెలుగు నాయకరాజులు ఏలిన కాలంలో. 1565లో విజయనగరం దెబ్బతిన్నాక ఆంధ్ర దేశం నుంచి దక్షిణానికి వెళ్లిన, నాటకాలాడే భాగవతుల కుటుంబాలకు తంజావూరు రాజు అచ్యుతప్ప నాయకుడు మేలట్టూరులో ఇళ్లూ భూములూ ఇచ్చాడని చెబుతారు. ఆయన పేరునే ఆ ఊరిని అచ్యుతపురం అని కూడా పిలిచారు. తర్వాత అక్కడే పుట్టిన వేంకటరామశాస్త్రి ప్రహ్లాద చరిత్రం, ఉషా పరిణయం లాంటి యక్షగానాలు రాశారు. ఆయన త్యాగరాజస్వామికి సమకాలికుడు, వయసులో పెద్ద. రాసినదంతా తెలుగే.

నరసింహ జయంతి రాత్రి వరదరాజ పెరుమాళ్ కోవెల ముందు ప్రహ్లాద చరిత్రం మొదలవుతుంది. అందరూ మగవాళ్లే. ప్రహ్లాదుడి తల్లి లీలావతి కూడా చీర కట్టిన మగవాడే. ముందు కోణంగి అనే హాస్యగాడు వచ్చి నవ్వించి పోతాడు, ఆపైన ఒక్కొక్క పాత్రా దరువుతో, అంటే తన ప్రవేశపు పాటతో, వస్తుంది. నరసింహుడి ముఖాన్ని, అంటే నటుడు తొడుక్కునే మాస్కును మాత్రం రంగస్థలం సామానుగా చూడరు. దానికి పూజ జరుగుతుంది, అది ధరించేవాడు ఉపవాసం ఉంటాడు. స్తంభం చీల్చుకుని వచ్చాక అతనికి ఆవేశం వస్తుంది. మీదికి ఉరికే నరసింహుణ్ణి నలుగురు పట్టుకుని ఆపుతుంటారు, హిరణ్యకశిపుడు ఎదురుగా నిలబడి మాటకు మాట అంటుంటాడు. అక్కడ నటన ఎంతో, భక్తి ఎంతో విడదీయడం కష్టం.

ఇది ఇన్నాళ్లు ఎలా నిలిచింది? గత శతాబ్దంలో ఓ దశలో కునారిల్లితే, భరతనాట్యం కోసం పాటుపడిన న్యాయవాది ఇ. కృష్ణయ్యర్ లాంటివాళ్లు పూనుకుని పదిమంది దృష్టికి తెచ్చారు, నిజమే. అసలు బలం మాత్రం వేరే చోట ఉంది. ఆడేవాళ్లకు ఇది బతుకుతెరువు కాదు. బ్యాంకులో పనిచేసేవాడు, చెన్నైలో ఉద్యోగం చేసుకునేవాడు సెలవు పెట్టుకుని ఊరికి వస్తాడు. తిథి మారదు, గుడి మారదు, వేషం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. టికెట్ లేదు కాబట్టి టికెట్లు అమ్ముడుపోలేదన్న టెన్షనూ లేదు. ఊళ్లో రెండు బృందాలున్నాయి. కళ ఉన్నచోట రెండు పక్షాలు లేకపోతేనే ఆశ్చర్యపోవాలి!

కూచిపూడి దారి వేరు. కృష్ణా డెల్టాలోని ఆ భాగవతుల ఆట వెంపటి చినసత్యం వంటి గురువుల వెంట మద్రాసు చేరింది, ఆడపిల్లలు నేర్చుకున్నారు, అమెరికా దాకా వెళ్లింది. అది గెలుపే. కాకపోతే ఊరి వీధిలో రాత్రంతా సాగే కలాపం ఆడిటోరియంలో గంటన్నర అంశాల వరస అయిపోయింది. మేలట్టూరుకు ఆ ఖ్యాతి దక్కలేదు, రాత్రి మాత్రం మిగిలింది.

అందుకే ఈ బృందాలను హైదరాబాద్‌కు పిలిపించి శాలువా కప్పి పంపితే సరిపోతుందనే ఆలోచన నాకు నచ్చదు. ముఖం కోవెలలోనే ఉండాలి. చేయాల్సిన పని చిన్నది: ఆ నాటకాలను పదాలకు అర్థాలతో చక్కగా అచ్చు వేయడం, పెద్ద నటుల గొంతులో ఆ దరువులను ఊళ్లోనే రికార్డు చేయడం. ఇంకో మాట. వాళ్ల ఉచ్చారణలో తమిళ యాస వింటే మనవాళ్లు నవ్వుతారు. రోజంతా తమిళంలో బతుకుతూ, తాత దగ్గర విన్న పద్యాన్ని మనకంటే నిండుగా అప్పజెప్పేవాణ్ణి చూసి నవ్వే హక్కు, పద్యమే రాని మనకెక్కడిది?

వచ్చే వైశాఖంలో వెళ్లాలనుకుంటే ముందుగా తంజావూరుకు రైలు టికెట్ చూసుకోండి. మధ్యాహ్నం కాస్త కునుకు తీయండి. నరసింహుడు వచ్చేది తెల్లవారుజామునే.