సవరణ: ఫెల్ప్స్ 8 స్వర్ణాలు, 7 ప్రపంచ రికార్డులు

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ 8 స్వర్ణాలూ ప్రపంచ రికార్డులతోనే గెలిచాడని నిన్న రాశాను. తప్పు, క్షమించండి. రికార్డులు 7 మాత్రమే.

మిగిలింది 100 మీటర్ల బటర్‌ఫ్లై ఈత. అందులో అతని టైమ్ 50.58 సెకన్లు, అది ఒలింపిక్ రికార్డు మాత్రమే. ప్రపంచ రికార్డు అప్పటికి 2005లో ఇయాన్ క్రాకర్ పెట్టిన 50.40.

కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన రేసు ఇదే. సగం దూరానికి ఏడో స్థానంలో ఉన్న ఫెల్ప్స్, చివర్లో సెర్బియా ఈతగాడు చావిచ్ చేతులు చాపి గోడవైపు జారుతుంటే, ఇంకో అర స్ట్రోక్ వేసి గోడను గట్టిగా కొట్టాడు. తేడా 0.01 సెకను! ఇప్పుడు చూసినా టెన్షనే. పాత పోస్టులో అంకె సరిచేశాను.