దశలవారీగా, గౌరవప్రదంగా

సేవా సంస్థల్లో ఉద్యోగం రావడం కష్టమనుకుంటాం. పోవడం అంతకన్నా కష్టం. 2010 జనవరి భూకంపానికి కుప్పకూలిన హైతీని ఆదుకోవడానికి వెళ్లిన బ్రిటన్ సేవా సంస్థ ఆక్స్‌ఫామ్‌కి అక్కడి డైరెక్టర్, సంస్థ అద్దె కడుతున్న విల్లాకే వేశ్యలను పిలిపించుకున్నట్టు ఒప్పుకున్నాడని 2011లో ఆ సంస్థే విచారించి రాసుకుంది. రాసుకుని, ఆయనకు ఇవ్వజూపిన శిక్ష ఏమిటయ్యా అంటే: 'దశలవారీ, గౌరవప్రద నిష్క్రమణ'. ఉద్యోగంలోంచి తీసేస్తే సంస్థ పనికీ పేరుకూ దెబ్బట!

దశలవారీగా ఎలా సాగనంపి ఉంటారు చెప్మా? మనల్ని అడిగితే పద్ధతిగా చేసిపెట్టేవాళ్లం. మొదటి దశలో శాలువా. రెండో దశలో గంధపు దండ. మూడో దశలో జ్ఞాపిక. దాని మీద పేరు తప్పు పడింది కాబట్టి మళ్లీ చెక్కించి తెచ్చాక నాలుగో దశ. ఆ తర్వాత వక్తలు. 'సారు హైతీ కోసం అహర్నిశలు శ్రమించారు' అంటాడు ఒకాయన. నిశల సంగతి ఎత్తొద్దని ప్రచార విభాగం వెనక నుంచి చొక్కా లాగుతుంది. ఇంకొకాయన కంటతడి పెట్టుకుంటాడు, అదీ విరాళాల విభాగం ఆయనే. వందన సమర్పణ, జాతీయ గీతం (ఏ దేశానిదో తేల్చుకోలేక రెండూ), భోజనాలు. విస్తళ్లు ఎత్తేలోగా పత్రికా ప్రకటన సిద్ధం.

ప్రకటన మాత్రం నిజంగానే ఇచ్చారు. దుష్ప్రవర్తన జరిగిందట. సాయం నిధుల్లో గోల్‌మాల్ లేదట. దాతగారు గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు. ఎవరితో ఏం చేశారన్నది దాతగారికెందుకు?

ఆ గౌరవం బాగానే అక్కరకొచ్చింది. సారు తర్వాత బంగ్లాదేశ్‌లో మరో సాయం సంస్థకు అక్కడి అధిపతిగా వెళ్లారు.

2018 ఫిబ్రవరిలో లండన్ టైమ్స్ పత్రిక గుట్టు విప్పింది. ఆక్స్‌ఫామ్ అప్పటి సీఈఓకి ఒళ్లు మండింది. మేమేమైనా ఉయ్యాల్లో పసిపిల్లల్ని చంపామా అన్నట్టు మాట్లాడి, బ్రిటన్ ఎంపీల ముందు కూర్చున్నప్పుడు క్షమించమన్నారు. పది రోజుల్లో దాదాపు 7,000 మంది నెలనెలా ఇచ్చే విరాళం ఆపేశారు మరి. విరాళం ఆగితే పశ్చాత్తాపానికి దశలుండవు, ఒక్కసారే వచ్చేస్తుంది.

నవ్వింది చాలు. 2011లోనే ఆక్స్‌ఫామ్‌కి ఈమెయిళ్లు వచ్చాయి. హైతీలో ఉన్న పదమూడేళ్ల పిల్లనని, తనను అక్కడి ఆక్స్‌ఫామ్ బాస్ ఒకడు హింసించాడని వాటిలో ఉంది. ఉత్తుత్తివేమో అనుకున్నారు. ఉత్తుత్తివే కావచ్చు, కాకపోనూవచ్చు. వెతికితే కదా తెలిసేది! ఇల్లు కూలి, టెంట్లలో బతుకుతున్న జనం మధ్యలోంచి ఒక పిల్ల పేరుతో ఉత్తరం వస్తే, దానికి మనిషిని పంపే తీరిక లేదా మీకు? ఒక మగాడి గౌరవానికి దశలు అల్లడానికి దొరికిందే ఆ తీరిక! ఇంకా గట్టిగా ఆరా తీసి ఉండాల్సిందని సేవా సంస్థల మీద నిఘా పెట్టే బ్రిటన్ ఛారిటీ కమిషన్ 2019 జూన్‌లో చెప్పింది. ఎనిమిదేళ్లకు. ఆ పిల్లే గనక ఉండి ఉంటే అప్పటికి ఇరవై ఒకటి.