థామస్ హుడ్‌ను రెండు ముక్కలు చేయకండి

ఇంగ్లీషు కవి థామస్ హుడ్ 1845లో పోయాక, ప్రచురణకర్త మాక్సన్ ముందు గంభీర కవితలు వేసి, 1847లో హాస్యానికి వేరే పుస్తకం వేశాడు. 1862-63లో హుడ్ కొడుకు మాత్రం హాస్యం, గంభీరం, వచనం, పద్యం అన్నీ కలిపి ఏడు సంపుటాలుగా తెచ్చాడు. నా ఓటు కొడుక్కే.

ఎందుకంటారా, బెన్ బాటిల్ అనే సిపాయి మీద హుడ్ రాసిన సరదా పాట చూడండి. ఫిరంగి గుండు తగిలి కాళ్లు పోయాయి, దాంతో అతను 'ఆర్మ్స్' కింద పెట్టేశాడట. ఆర్మ్స్ అంటే ఆయుధాలు, చేతులు కూడా. మనం శ్లేష అంటామే, అచ్చం అదే. ఫక్కున నవ్వొస్తుంది, ఆ వెంటనే కాళ్లు లేని మనిషి కళ్ల ముందు మెదిలి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

ఇప్పుడు 1843 క్రిస్మస్‌కు పంచ్ పత్రికలో పేరు లేకుండా వచ్చిన 'సాంగ్ ఆఫ్ ది షర్ట్' (చొక్కా పాట) అనే కవితకు రండి. చిరుగుల బట్టల్లో, రెప్పలు వాలిపోతున్నా సూది వదలకుండా కూర్చున్న ఆడమనిషి, జంట దారంతో ఒకేసారి చొక్కా కుడుతున్నాను, శవం మీద కప్పే గుడ్డా కుడుతున్నాను అంటుంది. ఒక మాటలో రెండు అర్థాలు ఇమిడ్చి ఇమిడ్చి ఇరవై ఏళ్లు ఆరితేరిన చెయ్యి కాబట్టే ఒక్క దారంతో ఆ రెండూ కుట్టగలిగింది! కామెడీ రాయని హుడ్‌కు ఈ లైను తట్టేదే కాదు.

పొట్టకూటి జోకులు అతని మంచి కవిత్వాన్ని మింగేశాయని కొందరంటారు. అప్పులు, జబ్బు, ఏటేటా 'కామిక్ యాన్యువల్' అనే హాస్య సంచిక నింపాల్సిన టెన్షన్, వీటి మధ్య రాసినవాటిలో చప్పగా ఉన్నవి చాలానే ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయినా వాటిని ఏరిపారేస్తే ఆ చెయ్యి ఎలా తయారైందో పాఠకుడికి తెలియదు.

హాస్యాన్ని వేరుచేసి చూసే ఈ జబ్బు మనకూ ఉంది. రామాయణ భారతాలను ఒకే పద్యాల్లో నడిపిన పింగళి సూరన శ్లేషకు చేతులెత్తి మొక్కుతాం, అదే శ్లేషతో ఎవరైనా నవ్విస్తే హాస్య రచయిత అని పేరు పెట్టి పంక్తి చివర కూర్చోబెడతాం. గిరీశం అంతగా నవ్వించకపోతే, 'కన్యాశుల్కం'లో చిన్నపిల్లను ముసలాడికి అమ్మే బేరం మనకు అంత గుచ్చుకునేదా?

లండన్ కెన్సల్ గ్రీన్‌లో 1854లో హుడ్‌కు కట్టిన స్మారకం మీద 'చొక్కా పాట పాడినవాడు' అని చెక్కారు. ఆ రాతి మీద బెన్ బాటిల్‌కు చోటు దొరకలేదు. ఇకమీదట ఎవరు హుడ్ పుస్తకం వేసినా ఆ సిపాయినీ, ఈ కుట్టుపని మనిషినీ ఒకే అట్టల మధ్య ఉంచాలి.