పొగ లేదు కాబట్టి పాపం లేదు

తిరుపతిలో మా వీధి చివరి కల్యాణ మండపం జనరేటర్ ఈమధ్య గుండు కొట్టించుకుంది. అంటే, డీజిల్‌తో పాటు గ్యాసుతో కూడా నడిచే డ్యూయల్ ఫ్యూయల్ కిట్టు పెట్టించారు. ఇదివరకు కరెంటు పోతే చాలు, జుట్టు విరబోసుకున్నట్టు నల్లపొగ లేచేది. ఇప్పుడు గొట్టం నున్నగా ఉంది. నీలాలిచ్చాక ఇంకా పాపమెక్కడిది? మేనేజరు తన తెల్ల కర్చీఫ్‌ను గొట్టం మూతికి పట్టి, మరక లేదని పెళ్లివారికి చూపిస్తున్నాడు. ఇంతకు మించిన పరీక్ష శాస్త్రంలో లేదని నా గట్టి నమ్మకం. కొండెక్కే డీజిల్ బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడైనా చూసేది పొగ చిక్కదనమే కదా!

గిట్టనివాళ్లు గొణుగుతూనే ఉంటారు. సహజవాయువు డీజిల్‌లా సిలిండర్లో నొక్కిన వేడికి దానంతటదే అంటుకోదట. అందుకే దాన్ని గాలితో కలిపి లోపలికి పంపి, కాస్త డీజిల్ చిమ్మి అంటిస్తారు. మసి తగ్గుతుంది, మామూలుగా నైట్రోజన్ ఆక్సైడ్లూ తగ్గుతాయి. అంతవరకు వాళ్లూ ఒప్పుకుంటారు. గొడవంతా లోడు తగ్గినప్పుడేనట. ముహూర్తం వేళ ఏసీలన్నీ తిరుగుతుంటే గ్యాసు బాగానే కాలుతుంది. పెళ్లివారు పడుకుని, వాచ్‌మన్ ఫ్యానూ వంటింట్లో ఒక ట్యూబ్‌లైటూ మిగిలాయంటే, గాలిలో గ్యాసు పలచబడి మంట సగంలోనే చచ్చిపోతుంది. సహజవాయువులో ఎక్కువ పాలు మీథేనే; కాలని మీథేన్ అలాగే బయటికొస్తుంది, వెంట కార్బన్ మోనాక్సైడ్. 20 ఏళ్ల లెక్కలో కిలో మీథేన్ కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. గొట్టానికి పొగలోని విషవాయువుల్ని మార్చేసే కెటలిస్ట్ బిగిద్దామన్నా, ఆ చల్లారిన పొగలో అది మీథేన్ జోలికి పోదట. అయితే ఏం? మీథేన్‌కు రంగు లేదు. కనబడనివాడి మీద కేసు ఎవరు పెడతారు?

లోడు తగ్గినప్పుడు గ్యాసు తగ్గించి డీజిల్ పెంచండని ఒక మెకానిక్ సలహా ఇచ్చాడు. మేనేజరు మొహం మాడిపోయింది. "డీజిల్ మిగుల్తాదనే కదా సామీ కిట్టు పెట్టించింది!"

న్యాయమైన మాట. కాబట్టి నా ప్రతిపాదన ఇది: లోడు తగ్గడమే నేరమైతే తగ్గనివ్వకూడదు. కరెంటు పోయిన ప్రతి రాత్రీ ఖాళీ హాల్లో ఏసీలన్నీ వెయ్యాలి, సీరియల్ సెట్లు వెలిగించాలి, చాలకపోతే వంటింట్లో గ్రైండర్లు వట్టివే తిప్పాలి. నిద్ర పట్టడం లేదని వచ్చే పక్కింటివాళ్ల పేర్లు పర్యావరణానికి అడ్డొస్తున్నవాళ్ల జాబితాలో రాసుకుని, ఫిర్యాదు కాగితం వెనక్కి ఇచ్చెయ్యాలి.