లిల్ నాస్ ఎక్స్‌కు తలుపు తీసిందెవరు?

హిప్‌హాప్ గేలనూ అక్కున చేర్చుకునేలా మారిపోయిందని అమెరికా సంగీత వ్యాపారం చెప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా ముందుకు తెచ్చే పేరు ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్. 2019 జూన్ 30న, తన పాట ఓల్డ్ టౌన్ రోడ్ అమెరికా పాటల వారపు జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానంలో ఉండగానే, తాను గే అని ట్విటర్‌లో వెల్లడించాడు. పాట జారిపోలేదు. ఆ తర్వాత కూడా ఏడు వారాలు అక్కడే తిష్ఠ వేసింది. ఈ ఔదార్యం ఘనతను రికార్డు కంపెనీలకో, రేడియోకో, అవార్డుల సంఘాలకో రాసిచ్చేయడానికి మేం సిద్ధంగా లేం. ఆ కుర్రాడు ఎవరి అనుమతీ అక్కర్లేని దారిన వచ్చాడు. కిందికి లాగడం ఎవరి తరమూ కానంత ఎత్తుకు చేరాకే నోరు విప్పాడు.

అతడి అసలు పేరు మాంటెరో లమార్ హిల్. 1999 ఏప్రిల్ 9న జార్జియా రాష్ట్రంలోని లిథియా స్ప్రింగ్స్‌లో పుట్టాడు. మాంటెరో అన్నది మిత్సుబిషి వాళ్ల బండి పేరు. తల్లి మోజుపడిన ఆ బండి పేరే కొడుక్కి వచ్చింది. ఆరేళ్లప్పుడు తల్లిదండ్రులు విడిపోతే అట్లాంటాలోని బ్యాంక్‌హెడ్ కోర్ట్స్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో తల్లి దగ్గర పెరిగాడు. తొమ్మిదో ఏట, గాస్పెల్ (క్రైస్తవ భక్తి గీతాల) గాయకుడైన తండ్రి దగ్గరికి ఆస్టెల్ ఊరికి మారాడు. అట్లాంటా అంటే మనవాళ్లకు ఆల్ఫరెటా, కమ్మింగ్. అవి నగరానికి ఉత్తరాన ఉంటాయి. ఇతడు పెరిగింది పడమటి వైపు, ఆ లోకమే వేరు. 2017లో హైస్కూలు ముగించి వెస్ట్ జార్జియా యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌లో చేరి, ఏడాదికే మానేశాడు. తర్వాత మకాం తోబుట్టువు ఇంట్లో.

చదువు మానేశాడన్న మాటే గానీ, అసలు చదువు ట్విటర్‌లో సాగింది. ర్యాపర్ నిక్కీ మినాజ్ అభిమానిగా ఒక ఖాతా నడుపుతూ ఏ జోకు ఎప్పుడు పెడితే పాకుతుందో, ఏది మూలన పడుతుందో అక్కడే పట్టుకున్నాడు. పేరొచ్చాక ఆ ఖాతా గురించి అడిగితే నాది కాదన్నాడు. 2020లో ఒప్పుకున్నాడు. నిక్కీ అభిమానినంటే గే అని పసిగడతారన్న భయంతోనే అలా చెప్పానన్నాడు. ఎవరి పాటలంటే ఇష్టమో చెప్పడానికి కూడా వెనకాముందూ చూసుకోవాల్సిన రంగం అది. హిప్‌హాప్ విశాల హృదయం గురించి మాట్లాడేవారు ముందుగా చూడాల్సింది ఈ చిన్న అబద్ధాన్నే.

ఇక పాట సంగతి. నెదర్లాండ్స్‌కు చెందిన యంగ్‌కియో అనే కుర్రాడు చేసిన బీటును, అంటే ర్యాప్ వెనక వినిపించే సంగీతాన్ని, బీట్‌స్టార్స్ సైట్‌లో 30 డాలర్లకు కొన్నాడు హిల్. కొన్నాడనడం కన్నా లీజుకు తీసుకున్నాడనడం సరైనది. ఇలాంటి సైట్లలో చవకగా దొరికేది సాధారణంగా నాన్ ఎక్స్‌క్లూజివ్ లీజు. అదే బీటు మరో పదిమందికీ అమ్ముతారు. స్ట్రీమ్‌లకు పరిమితి పెడతారు, అది దాటితే మళ్లీ బేరం మొదటికొస్తుంది. ఎక్స్‌క్లూజివ్ హక్కు కావాలంటే రేటు ఎన్నో రెట్లు. పైగా ఆ బీటులో మరో మెలిక ఉంది. బాంజోలా వినిపించే ఆ తీగల ముక్క నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం 2008లో విడుదల చేసిన గోస్ట్స్ ఆల్బమ్‌లోది. ఆ ఆల్బమ్‌ను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలారు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, అయితే సంపాదనకు కాదు. డబ్బు వచ్చే పాటలో వాడాలంటే రికార్డింగ్ హక్కుదారు దగ్గర ఒకటి, బాణీ హక్కుదారు దగ్గర ఒకటి, రెండు అనుమతులు కావాలి. బీటు అమ్మినవాడి రసీదు ఈ రెండింటిలో దేనికీ పనికిరాదు. 2019 మార్చిలో కొలంబియా రికార్డ్స్ ఒప్పందం చేసుకున్నాక ఈ లెక్కలు సర్దుకున్నాయి. నైన్ ఇంచ్ నెయిల్స్‌కు చెందిన ట్రెంట్ రెజ్నర్, అటికస్ రాస్‌ల పేర్లు పాట రచయితల జాబితాలోకి ఎక్కాయి. వెనక పెద్ద కంపెనీ లేని కుర్రాడికైతే సాధారణంగా పాటే తీసేస్తారు. మన దగ్గర ఇలాంటి సైట్లలో బీట్లు కొని ర్యాప్ కడుతున్నవారు లీజు కాగితం చివరిదాకా చదవాలని చెప్పడం చాదస్తమేమీ కాదు.

అట్లాంటాలో సిన్‌కోయో అనే చిన్న స్టూడియోలో, మంగళవారాల్లో 20 డాలర్లకే రికార్డింగ్ అనే ఆఫర్ వాడుకుని గంటలోపే పని ముగించాడు. ఓల్డ్ టౌన్ రోడ్ 2018 డిసెంబరు మొదటి వారంలో బయటికొచ్చింది. నిడివి 1 నిమిషం 53 సెకన్లు. స్ట్రీమింగ్ లెక్కల్లో నిడివికి విలువ లేదు, ఎన్నిసార్లు విన్నారన్నదే లెక్క. పాట పొట్టిదైతే జనం వెంటనే మళ్లీ పెడతారు. వీడియోకు డబ్బుల్లేక రెడ్ డెడ్ రిడంప్షన్ 2 అనే కౌబాయ్ గేమ్ దృశ్యాలు అతికించాడు. తనే బోలెడు మీమ్‌లు తయారుచేసి వదిలాడు. గుర్రం మాట విన్నవాళ్లకు పాట పేరు గుర్తుండదని ఊహించి, రెడిట్‌లో తనే ఏమీ తెలియనట్టు "ఆ గుర్రం పాట పేరేంటి?" అన్న ధోరణిలో అడిగాడు. గడుసుతనమే, అయితే అందులో మోసం లేదు. 2019 మొదట్లో టిక్‌టాక్‌లో కౌబాయ్ వేషాల చాలెంజ్ అందుకోవడంతో రేడియో అడ్రసు అడగకుండానే పాట ఊరూవాడా తిరిగింది.

మార్చిలో ఒకే వారం హాట్ 100లో 83వ స్థానంలో, అమెరికా పల్లెపట్టు సంగీతమైన కంట్రీ చార్టులో 19లో, హిప్‌హాప్ చార్టులో 36లో కనిపించింది. వెంటనే బిల్‌బోర్డ్ దాన్ని కంట్రీ చార్టు నుంచి తీసేసింది. నేటి కంట్రీ సంగీత లక్షణాలు చాలినన్ని లేవన్నది వాళ్లిచ్చిన వివరణ. ఆ లక్షణాలేమిటో, ఎన్ని ఉంటే చాలో చెప్పలేదు. డ్రమ్ మెషిన్ బీట్ల మీద కంట్రీ గాయకులు ర్యాప్ చేసిన పాటలు ఆ చార్టులో అంతకుముందే చాలా ఉన్నాయి. వాటికి పట్టని లక్షణాల గొడవ ఒక నల్లజాతి కుర్రాడి పాటకే పట్టింది. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. అప్పటికి అతడు గే అని లోకానికి తెలియదు. కాబట్టి ఈ తిరస్కారాన్ని లైంగికత ఖాతాలో వేయలేం. అతడికి అడ్డొచ్చిన గోడలు రెండు, ఇది మొదటిది.

దాన్ని దాటిన తీరు చార్టుల లెక్క తెలిసినవారికి ముచ్చటేస్తుంది. ఏప్రిల్ 5న కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్‌తో రీమిక్స్ వచ్చింది. ఆ వారం అమెరికాలోనే 14.3 కోట్ల స్ట్రీమ్‌లు, అప్పటికి ఏ పాటకూ ఒక్క వారంలో అన్ని రాలేదు. తర్వాత డిప్లో రీమిక్స్, యంగ్ థగ్, మేసన్ రామ్సీలతో ఇంకొకటి, బీటీఎస్ ఆర్‌ఎంతో మరొకటి. ఇవన్నీ వేర్వేరు పాటలు కావు, చార్టులో ఒకే పేరు కింద కలిసిపోతాయి. ఊపు తగ్గుతోందనిపించినప్పుడల్లా కొత్త గొంతు చేర్చి 19 వారాలు లాగాడు. మరియా కేరీ, బాయ్జ్ టు మెన్‌ల పాట, ఆ తర్వాత డెస్పసీతో తలా 16 వారాలతో నిలబెట్టిన రికార్డు పోయింది.

ఇందులో పన్నెండో వారం నడుస్తుండగా వచ్చింది జూన్ 30 నాటి ప్రకటన. అదే అట్లాంటాలో రెండేళ్ల ముందు ఏం జరిగిందో గుర్తుచేసుకుంటే దాని బరువు తెలుస్తుంది. ట్యూజ్‌డే పాటతో 2014లో హాట్ 100లో 12వ స్థానం దాకా వెళ్లిన అట్లాంటా ర్యాపర్ ఐలవ్‌మకానెన్, 2017 జనవరిలో తాను గే అని చెప్పాడు. అభిమానులు అండగా నిలిచారంటే అదే ఊరి మీగోస్ ర్యాప్ బృందం ఒక ఇంటర్వ్యూలో విస్తుపోయింది. మాదకద్రవ్యాల గురించి పాడినవాడికి ఇది అతకదన్నట్టు మాట్లాడి, విమర్శలొచ్చాక క్షమాపణ చెప్పింది. మకానెన్ చెప్పే నాటికి పెద్ద హిట్టు పాతబడింది, బేరమాడే బలం తగ్గింది. హిల్ చెప్పే నాటికి దేశంలో అందరికన్నా పెద్ద పాట అతడి చేతిలో ఉంది. రెండేళ్లలో అట్లాంటా మారిపోలేదు, త్రాసు మారింది.

అతడే మొదటివాడన్న ప్రచారమూ సరికాదు. న్యూ ఓర్లీన్స్‌లో బౌన్స్ అనే ఒక రకం హిప్‌హాప్ సంగీతంలో ట్రాన్స్ మహిళ కేటీ రెడ్ 1999లోనే ఆల్బమ్ తెచ్చింది, బిగ్ ఫ్రీడియా అదే బాటలో నడిచింది. ఓక్లాండ్‌లో జూబా కలమ్కా, అతడి సహచరులు 2000 ప్రాంతంలో గే ర్యాప్ బృందం కట్టి, ఏళ్ల తరబడి ఫెస్టివల్ కూడా నడిపారు. న్యూయార్క్‌లో లీఫ్ 2012లో సొంతంగా పేరు తెచ్చుకున్నాడు. ప్రతిభకు కొదవ లేదు. చిన్న హాళ్లు, సొంత ఖర్చుతో సీడీలు. రేడియో మాత్రం పలకలేదు.

తర్వాతి కథ తెలిసిందే. 2020లో రెండు గ్రామీలు. 2021 మార్చిలో వచ్చిన మాంటెరో పాట నేరుగా మొదటి స్థానంలో దిగింది. దాని వీడియోలో సైతానుతో నాట్యం, పక్కనే ఎంఎస్‌సీహెచ్ఎఫ్ సంస్థతో కలిసి 666 జతల సైతాను బూట్లు, జత 1,018 డాలర్లు, అడుగున ఒక రక్తపు చుక్క. నైకీ బూట్లను మార్చి అమ్మినందుకు ఆ సంస్థపై నైకీ దావా వేయడం, వారం పదిరోజుల్లో రాజీ కుదరడం, బూట్లు వెనక్కి తీసుకుంటామనడం చకచకా జరిగిపోయాయి. ఈ బూట్ల హడావుడి పాటకు అక్కర్లేనిదనే మా అభిప్రాయం. అంతకన్నా విలువైనది ఇండస్ట్రీ బేబీ పాటను బెయిల్ సొమ్ము లేక జైళ్లలో మగ్గేవారి కోసం విరాళాల సేకరణకు ముడిపెట్టడం. దానికి అంత ప్రచారం దక్కలేదు.

2025 ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో అరెస్టయినప్పుడు, పోలీసులపై దాడి అభియోగాలను కోర్టులో తోసిపుచ్చి నిర్దోషినన్నాడు. ఆ ఘటనను అతడి లైంగికతకు అంటగట్టే రాతలకు ఆధారం లేదు.

రెండో గోడ 2022లో బయటపడింది. అంతకుముందు ఏడాది, నల్లజాతి ప్రేక్షకుల టీవీ సంస్థ బెట్ (బీఈటీ) ఇచ్చే అవార్డుల వేదిక మీద పాట ముగింపులో ఒక డ్యాన్సర్‌ను ముద్దుపెట్టుకున్నాడు. ఆ వెనకే ఇండస్ట్రీ బేబీ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లింది, అతడి మాంటెరో ఆల్బమ్ ఆల్బమ్‌ల చార్టులో రెండో స్థానంలో దిగింది. మరుసటి ఏడాది అదే అవార్డుల్లో అతడికి ఒక్క నామినేషనూ లేదు. నిర్ణయం దాదాపు 500 మంది ఓటర్లదని, 2020లో కొత్త కళాకారుడి విభాగంలో నామినేట్ చేశామని బెట్ జవాబిచ్చింది. ఓటర్ల పేర్లు మేం అడగడం లేదు. విభాగాలవారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో బెట్, ఏ లక్షణాలు ఎన్ని ఉంటే కంట్రీ అవుతుందో బిల్‌బోర్డ్ అచ్చు వేయవచ్చు. 2024లో షబూజీ అనే మరో నల్లజాతి గాయకుడి పాట హిప్‌హాప్, కంట్రీలను అలాగే కలిపి, హాట్ 100లో అవే 19 వారాలు నిలిచింది. దాన్ని మాత్రం కంట్రీ చార్టు నుంచి ఎవరూ తీయలేదు. అంటే నిబంధన మారినట్టే. ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో బిల్‌బోర్డ్ చెప్పాలి.