ఎక్కి దిగడానికా గుట్టలు?

హైదరాబాద్‌లో గుట్ట కనిపిస్తే ఏం చేయాలో చిన్నపిల్లాడైనా చెబుతాడు. ముందు ఫ్లెక్సీ కట్టాలి. తర్వాత కంప్రెసర్ తెచ్చి రంధ్రాలు కొట్టి మందు పెట్టాలి. చదునైన జాగాకు ‘రాక్ వ్యూ’ అని పేరు పెట్టాలి. ఇంత సులువైన పద్ధతి ఉండగా, ఆదివారం పూట నిద్ర చెడగొట్టుకుని తాళ్లు భుజాన వేసుకుని ఊరి చివర చిట్టడవిలో ఉన్న గుట్ట దగ్గరికి పోయే కుర్రకారు తయారైంది. వీళ్లు దాన్ని పగలగొట్టరు. ఎక్కుతారు, దిగుతారు, ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేసి ఇంటికొస్తారు. స్పోర్ట్ క్లైంబింగ్ అట!

ప్రజాప్రయోజనం దృష్ట్యా నేనే వెళ్లి పరిశీలించాను. తాడును నేలకు తగలనివ్వకుండా పట్టా పరిచి దాని మీద పోశారు. కొత్త కోడలి పట్టుచీరకైనా అంత మర్యాద జరగదు. నడుముకు హార్నెస్ అనే బెల్టు, దానికి తాడుతో ఎనిమిది అంకె ముడి, చేతులకు చాక్ పొడి. కింద తాడు పట్టుకున్నవారిని బిలేయర్ అంటారు. పైవాడు జారితే ఆపడం ఆయన పని. అంతసేపూ మెడ పైకెత్తి ఒక మనిషినే చూస్తూ, జేబులో ఫోన్ మోగినా ముట్టుకోలేదు. డాక్టర్‌కు చూపించాల్సిన కేసు.

మధ్యలో కాస్త ఆశ కలిగింది. రాతికి అక్కడక్కడా బోల్టులున్నాయి, డ్రిల్లు వేసి బిగించారట. హమ్మయ్య, పని మొదలైంది అనుకున్నాను. ఆరా తీస్తే ఆ రంధ్రాలు పది, పన్నెండు మిల్లీమీటర్లవే. బోల్టుకు క్విక్‌డ్రా అనే కొక్కేల పట్టీ, ఆ క్విక్‌డ్రాలో తాడు, అంతటితో సరి! రంధ్రం వేసి మందు పెట్టడం మరిచిపోయేవాళ్లను ఏమనాలి?

ఏ రూటు ఎక్కడం ఎంత కష్టమో 6ఏ, 6బీ అని గ్రేడులు చెప్పారు. గజం రేటు అడిగితే మొహాలు చూసుకున్నారు. ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని మాత్రం గడగడా అప్పజెప్పారు. అంత పాత ఆస్తికి ఇంకా లేఅవుట్ పర్మిషన్ లేదంటే తప్పెవరిది? పైగా రాళ్లను కాపాడడానికి ఈ నగరంలో 1996 నుంచీ ఒక సొసైటీ కూడా ఉంది. హౌసింగ్ సొసైటీ అనుకుని ప్లాటు అడిగినవాళ్లు ఉండే ఉంటారు.

భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కలేదా అని ఒకాయన నిలదీశాడు. నిజమే. కానీ భువనగిరి గుట్ట నెత్తిన కోట ఉంది కాబట్టి బతికిపోయింది. కోట కట్టించే రాజు దొరకని గుట్టలు అభివృద్ధికి సహకరించాల్సిందే.

ఒలింపిక్స్‌లో కూడా ఉంది కదా అన్నాడు ఇంకొకాయన. ఉంది, టోక్యోలో మొదలైంది. 2024 పారిస్‌లో ఇండోనేషియాకు చెందిన వెడ్రిక్ లియోనార్డో 15 మీటర్లు 4.75 సెకన్లలో ఎక్కి స్వర్ణం గెలిచాడు. అయితే అతను ఎక్కింది కృత్రిమ గోడ. అంటే ఈ ఆటకు అసలు రాయే అక్కర్లేదని ఒలింపిక్స్ వాళ్లే ఒప్పుకున్నట్టు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. గుట్ట తీసేసి ముప్పై అంతస్తులు లేపుదాం. క్లబ్‌హౌస్‌లో ఒక గోడకు ప్లాస్టిక్ పట్లు బిగించి గ్రానైట్ రంగు వేద్దాం. ఎండకు కాలదు, పదింటికల్లా చెమటతో వేళ్లు జారుతున్నాయని మూట సర్దుకునే పని ఉండదు. మెయింటెనెన్స్ చార్జీల్లో కలిపేస్తే ఎవరికీ భారం తెలియదు.

అక్కడికక్కడే వాళ్లందరికీ ఇది విడమరిచి చెప్పాను. హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి ఓపిగ్గా చివరిదాకా విని, “అంకుల్, తాడు తొక్కుతున్నారు” అంది.