దొరా, నీ బాంచెన్! వెయ్యి సీసీ బండి దొరవారికి ఒక వెట్టివాని అర్జీ

మహారాజశ్రీ బండి దొరవారి సముఖానికి,

నల్లగొండల ఎరువుల దుకాణం నడుపుకుంట బతికే తమరి వెట్టివాడు, ముందటి చక్రానికి ఒక దండం, వెనుక చక్రానికి ఒక దండం పెట్టి రాసుకుంటున్న అర్జీ.

తమరు ఇప్పుడు మా వరండాల, నేను కప్పిన గుడ్డ కింద, వెనుక చక్రం గాల్లకు లేపిన స్టాండు మీద సుఖంగ నిద్రపోతున్నరు. ఇంతకుముందు ఆ జాగల మా పిల్లగాని చదువుకునే బల్ల ఉండె. ఇప్పుడు వాడు వంటింట్ల గ్రైండర్ పక్కన కూసుని లెక్కలు చేస్తున్నడు. ఏం చేస్తం, దొర ఉండే గడీకి జాగ కావాలె గదా.

మాది వెట్టిని తరిమిన జిల్లా అని బడిల చదువుకున్నం. 1944ల భువనగిరిల ఆంధ్ర మహాసభ, 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన సంగతి (కడవెండి అప్పుడు మా జిల్లాలనే ఉండె) సార్లు చెప్తుంటే రోమాలు నిక్కబొడుచుకునేవి. మా తాత పిల్లగానిగా ఉన్నప్పుడు దొర సవారి బండి ముందట ఉరికినోడే. ఆ మహాసభ సంఘం ఊర్లకు వచ్చినంక ఆ ఉరుకుడు బందైంది. ఆయన మనుమణ్ని నేను. ఏడున్నర లక్షలు అప్పు తెచ్చి, నెలనెలా కిస్తు కట్టుకుంట, ఏరికోరి ఒక దొరను ఇంటికి తెచ్చుకున్న. పాత దొరలు నాగుకు, అంటే అప్పు కింద, వడ్లన్న ఇచ్చి వడ్డీ గుంజుకునేటోళ్లు. తమరు ఆ వడ్లు గూడ ఇయ్యలే.

తమరి జాతిని స్పోర్ట్ టూరర్ అంటరు. పందెపు గుర్రానికి రెండు దిక్కుల గోనెసంచులు కట్టి దూరం ఊరికి తోలినట్టు: ఇంజను రేసుది, హ్యాండిల్ జర ఎత్తుల, ముందట గాలి ఆపే అద్దం, వెనుక రెండు పెట్టెలు. నాలుగు సిలిండర్లు, వెయ్యి సీసీ పైన, ట్యాంకుల 19 లీటర్లు, మొత్తం 235 కిలోలు. మా దుకాణం భాషల చెప్పాలంటే అయిదు యూరియా బస్తాలు, వాటి మీద ఇంకో పది కిలోలు. బస్తానైతే హమాలీ మోస్తడు. తమరిని మోసే హమాలీని నేనే.

సర్కారు కూడ తమరి దొరతనాన్ని గుర్తు పట్టింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన కొత్త బండికి 40 శాతం జీఎస్టీ, లోపలున్నదానికి 18. ఇంత పెద్దమనిషి గదా అని హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కబోతే మాత్రం కాపలాదారు చేయి అడ్డం పెట్టిండు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద రెండు చక్రాలకు ప్రవేశం లేదు. తమరి పక్కన ఒక టీవీఎస్ ఎక్సెల్, దాని మీద మూడు పాలక్యాన్లు. దాన్నీ తమరినీ ఒకే చేత్తోని వెనుకకు మలిపిండు. ఆ పాలాయన నా దిక్కు చూసి నవ్విన నవ్వు ఇంకా యాదికున్నది. పంతంగి టోల్ గేటు కాడ సుంకం లేకపోవుడు నిజమే గని, ఆ ఎడమ పక్క సందుల దూరేటప్పుడు తమరి పెట్టెల వెడల్పుకు నా పానం గొంతుల ఉంటది.

తమరి టైరు మీద జెడ్ఆర్ అని రాసుంటది, అంటే గంటకు 240 దాటినా ఓర్చుకుంటదన్నట్టు. చట్టం ప్రకారం నాలుగు లైన్ల జాతీయ రహదారి మీద గూడ మోటార్‌సైకిల్‌కు 80. తమరు ఆ 80ని మొదటి గేర్లనే దాటుతరు. మిగిలిన అయిదు గేర్లకు గూడ నేను కిస్తు కడుతున్న.

ఆ టైరు సంగతే చెప్తా. వంపుల మీద వాలి పరుగెత్తనీకి గుండ్రంగ చేసిన టైరు అది. నేను దాన్ని నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద తిప్పుతున్న. కనుచూపు మేర సాఫుగ పోయే రోడ్డు. ఎనిమిది వేల కిలోమీటర్లకు నడుమ మొత్తం చదునై రొట్టెల పీట లెక్క అయింది, అంచులకు మాత్రం కొత్త టైరు మీది సన్న రబ్బరు ఎంట్రుకలు అట్లనే ఉన్నయి. మా టైర్ల భాయ్ వేలితో ఆ ఎంట్రుకలు నిమిరి, "సాబ్, దీన్ని ఎక్కడా వంచనే లేదా?" అన్నడు. మర్యాదస్తుడు, ఇంకేమనలే.

ఇగ స్పీడ్ బ్రేకర్లు. లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలె. మా ఊర్లల్ల ఆ లెక్క ఎవరడిగిన్రు? ఏదన్న మేకపిల్ల బండి కింద పడ్డదంటే తెల్లారేసరికి ఊరంత కలిసి సిమెంటుతోని వరి గట్టు పోసేస్తరు. ఎత్తు మాత్రం లెక్కకు రెండింతలు, వెడల్పు జానెడు. తమరి పొట్ట నేలకు బెత్తెడు పైన ఉంటది, దాని కిందనే సైలెన్సర్ గొట్టాలు. గట్టు మీద అడ్డంగ ఎక్కి, ఏటవాలుగ దిగి, అయినా "గర్ర్" మన్నప్పుడు నా పక్కటెముక గీకినట్టయితది.

సేవ సంగతికొస్తే, ఆరేడు వందల కిలోమీటర్లకోసారి గొలుసు స్నానం. మా పిల్లగాని పాత పళ్ల బ్రష్, ఒక గిన్నెల కిరోసిన్. పెట్రోలు తగలొద్దు, గొలుసు పిన్నుల్ల ఉన్న రబ్బరు రింగులు పాడైతయి. ఇనుప బ్రష్ వద్దే వద్దు. ఇంజను బంద్ చేసి, గేరు తీసి, చక్రం చేత్తోని తిప్పుకుంట ఒక్కొక్క లంకెను తోమాలె. తుడిచి, ఆరినంక నైంటీ గేరు ఆయిల్ చుక్కచుక్కగా పెట్టాలె. కింది గొలుసు నడుమ వేలు పెట్టి ఎత్తితే మూడు సెంటీమీటర్లు ఆడాలె. బిగుసుంటే బేరింగులు పోతయి, వదులైతే పండ్లు దుంకుతది. స్కేలు పట్టుకుని నేల మీద పండుకుని కొలుస్తుంటే మా ఆవిడ తలుపు కాడ నిలబడి చూసి చూసి, "నా కాళ్లకు పసుపు రాసిన రోజులు యాదున్నయా?" అన్నది. నా చేతి గోర్లల్ల నల్లగ ఉన్నది కిరోసిన్ మసి. జవాబు దొరకలే.

ఇంజను లోపల గాలి, పొగ పోనిచ్చే మూతలు ఉంటయి, వాల్వులంటరు; వాటి సందు చూపించుడు ఇంకో యాగం. ట్యాంకు దించాలె, గాలి డబ్బా తియ్యాలె, సన్నని రేకులు పెట్టి మిల్లీమీటర్ల వందో వంతు లెక్క తియ్యాలె. దాంట్ల నేను నేర్చుకున్నది ఒకటే: సప్పుడు చేసే వాల్వుతోని భయం లేదు, సందు వదులై టకటకలాడుతది. బిగుసుకుపోయినదే నోరు మెదపదు, మెల్లగ కాలిపోతది. మా దుకాణంల ఉద్దెర ఖాతా అచ్చం గిట్లనే ఉంటది. గల్ల పెట్టె కాడికొచ్చి కొట్లాడేటోడు పంట రాంగనే కడ్తడు. నిమ్మళంగ తలూపి పోయినోడే ముంచుతడు.

ఒక వానకాలం మూడు వారాలు తమరిని కదిలియ్యలే, దుకాణంల గిరాకీ ఉండి. నాలుగో వారం మీట నొక్కితే "టిక్" అన్నరు, గంతే. బ్యాటరీ దిగింది. కిక్కు కొట్టనీకి కిక్కు లేదాయె. తమరి మీద మా తమ్మున్ని కూసోబెట్టి, రెండో గేరు ఏయిచ్చి, పానగల్లు రోడ్డు మీద నెట్టుకుంట ఉరికిన. మా తాత దొర బండి ముందట ఉరికేటోడు, నేను వెనుక నుంచి ఉరికిన. అంతే ఫరక్.

ఎండకాలం తమరి కోపం వేరే. మే నెలల 44, 45 డిగ్రీలు, గడియారం సెంటర్ల ట్రాఫిక్ ఆగింది, తమరి ఫ్యాను తిరుగుడు మొదలుపెట్టింది. ఆ గాలి వచ్చేది నేరుగ నా కాళ్ల మీదికే. పైన జాకెట్, మోకాళ్లకు కవచాలు, చేతులకు తోలు తొడుగులు, బూట్లు. ఆ వేషంల ఒకనాడు దుకాణం ముందర ఆగితే, పత్తి మందుకు వచ్చిన రైతు నన్ను కిందికీ మీదికీ చూసి, "సేటూ, ఈ డ్రెస్ ఎంతకొచ్చింది? మందు కొట్టనీకి మస్తు పనికొస్తది" అన్నడు. ఇన్నేండ్ల సంది మందు కొట్టేటప్పుడు చేతులకు తొడుగు, మూతికి గుడ్డ కట్టుకోరా నాయినా అని మొత్తుకుంటుంటే వినని మనిషి, తమరి పుణ్యాన మొదటిసారి ఆలోచించిండు. ఇది తమరి ఖాతాల మంచి కింద రాసుకుంటున్న.

దేవరకొండ రోడ్డు సంగతి మాత్రం మంచి కింద రాయలేను. నవంబర్. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసిన్రు, అంచుకు రాళ్లు పెట్టిన్రు. ఎదురుంగ బస్సు వస్తుంటే ఆగిన. ఎడమ కాలు కింద పెట్టిన. పెట్టింది వడ్ల మీద. బూటు కింద గింజలు గోళీల లెక్క జారినయి. తమరు ఒక్కసారే పడలే; ముసలి దొర మంచం మీద ఒరిగినట్టు, మెల్లగ, మర్యాదగ ఒరిగిన్రు. ఆపుదామని పట్టుకున్న నా భుజం ఒక మాట అన్నది, నా నోరు ఇంకో మాట అన్నది. ఆ మాటల "తమరు" లేదు.

ఆడోళ్లు ముగ్గురు ఉరికొచ్చిన్రు. ముందు వడ్లు చూసుకున్రు. తర్వాత నన్ను చూసిన్రు. పడ్డ బండిని ఒక్కనివే లేపుడెట్లనో నాలుగు వీడియోల చూసిన విద్య నాకుండె: బండికి వీపు ఆనిచ్చి, కుక్కిళ్ల కూసుని, ఒక చేయి హ్యాండిల్‌కు, ఒక చేయి వెనుక కడ్డీకి, నడుముతోని గాదు తొడలతోని లేవాలె. లేవబోయిన. వడ్ల మీద మళ్ల జారిన. ఆఖరికి ఆ ముగ్గురు, వడ్లు నెరుపుతున్న ఒక ముసలాయన, నేను, అయిదుగురం కలిసి లేపినం, బస్తాకు ఒకరం లెక్కన. అందుల పెద్దామె చెంగుతోని చేతులు తుడుచుకుంట, "గింత బరువున్నదాన్ని ఎందుకు తెచ్చుకున్నవ్ బిడ్డా, బర్రెనైతే పాలన్న ఇస్తుండె" అన్నది.

విరిగింది క్లచ్చి పిడి, పగిలింది పక్క ప్లాస్టిక్ తొడుగు. తొడుగొక్కటే పదహారు వేలు. మా లెక్కల అరవై యూరియా బస్తాలు. అది వచ్చేదాకా నలభై రెండు రోజులు తమరు ఒక పక్క బనీను చినిగిన మనిషి లెక్క నిలబడ్డరు. షోరూముకు ఫోన్ చేసినప్పుడల్లా వాళ్లు "ఆన్ ది వే సర్" అన్నరు. సముద్రం ఈదుకుంట వస్తుండె గావచ్చు.

ఛాయ తాగనీకి యాడ ఆగినా మూడు ప్రశ్నలు. ఎంత పడ్డది? లీటరుకు ఎంతస్తది? స్పీడు ఎంత పోతది? మొదటిదానికి అబద్ధం చెప్తా, ఎందుకంటే ఆడ మా చుట్టం ఎవడో ఒకడు ఉంటడు. రెండోదానికి పద్దెనిమిది అని నిజం చెప్తే అందరు ఒక్కసారే నా మొఖం దిక్కు జాలిగ చూసి, ఛాయ పైసలు వాళ్లే ఇయ్యబోతరు. నూరు రూపాయలు దాటిన లీటరు పెట్రోలుకు పద్దెనిమిది కిలోమీటర్లు. మూడోది ఎవరు పూర్తిగ వినరు.

ఇన్ని చెప్పిన గదా, ఒకటి దాచిన. చెప్పకపోతే పాపం.

డిండి దాటి, మన్ననూరు చెక్‌పోస్టు దాటినంక, నల్లమల లోపల మెల్లగనే పోవాలె, పులుల అడవి అది. పొద్దుగాల ఆకుల వాసన, చల్లగాలి. దోమలపెంట దాటి కృష్ణ దిక్కు దిగుడు మొదలైనంక రోడ్డు మెలికలు తిరుగుతది. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలె. దొరలతోని మాట్లాడుడే ఉల్టా. నెట్టిన. తమరు వాలిన్రు. మూడో గేరు, నాలుగు వేల తిరుగుళ్లు, సప్పుడు గొంతులకెళ్లి గాదు, కడుపులకెళ్లి వస్తున్నట్టు. ఆ అయిదు బస్తాలు యాడ పోయినయో తెల్వదు. టైరు అంచు మీది ఎంట్రుకలు ఆనాడు సగం అరిగినయి. శ్రీశైలం ఆనకట్ట కనిపించేదాకా కిస్తు తేదీ యాదికి రాలే.

కనిపించినంక ఆగి బూట్లు ఇప్పుకుంటుంటే ఒక కోతి వచ్చి తమరి సీటు మీద కూసున్నది. ట్యాంకు మీది సంచి జిప్పు నేను తీసినదానికన్న సాఫుగ తీసి, సర్వపిండి ముక్కలు తీసుకుని, నమలుకుంట తమరి అద్దంల మొఖం చూసుకున్నది. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి. ఎవరో యాత్రికుడు ఫొటో తీసిండు. అదే సీటు మీద అంతకుముందు నేను దిగిన ఫొటో మా ఆవిడ ఫోన్ల ఉన్నది. రెండు పక్కపక్కన పెట్టి చూసి చాన సేపు ఏమనలే. తర్వాత, "దాని కూసునుడే బాగున్నది, నడుము సాఫుగ ఉన్నది" అన్నది.

కాబట్టి దొరవారికి మనవి. రేపు ఆదివారం. గాలి పెట్టిన, ముందట 36, వెనుక 42. గొలుసుకు నూనె అయింది. బ్యాటరీ చార్జరుకు రాత్రంత కరెంటు ఇచ్చిన. మన్ననూరు గేటు ఆరింటికి తీస్తరు, నాలుగింటికి బయలెల్లితే సరిపోతది. ఈసారి సర్వపిండి సంచిల గాదు, పెట్టెల పెట్టి తాళం వేసిన. దేవరకొండ రోడ్డు మీద వడ్లు లేవట, దుకాణానికి వచ్చిన రైతును అడిగి తెలుసుకున్న. వరండా లైటు వేస్తే పిల్లగాడు లేస్తడు, చీకట్లనే బయటికి నెట్టుకపోత. వీధి మలుపు దాటినంకనే మీట నొక్కుత. అప్పుడు "టిక్" అనొద్దు.

నీ బాంచెన్,
వరండా గడీ వెట్టివాడు,
నల్లగొండ